పండ్రెండవ జత

మేజోళ్ళను గూర్చి వ్రాయబూనితిమనగానే సోదరీమణులు నవ్వుకొందురేమో. వంటలకును, వ్రతములకును, శిశుపోషణమునకును నెలవైన యీ పుటలలో బంతియాటగాండ్ర కాలితొడుగుల ముచ్చటకు తావెక్కడిదని మేమును మొదట సంకోచించితిమి. అయినను ఈ యేటి వానకాలమంతయు మా వసారాలోని దండెముపై వ్రేలాడినవి యవియే. మాకు రెండు రాత్రులు నిద్ర లేకుండ జేసినవియు నవియే.

మా వారు సికింద్రాబాదులోని యొక పాఠశాలలో తెలుగు పండితులు. చదువుకొను దినములలో వారు ఫుట్‌బాలు ఆడియుండిరన్న మాట యెట్లో ప్రధానోపాధ్యాయుల చెవిని బడినది. వ్యాయామోపాధ్యాయుని యుద్యోగము ఖాళీగా నుండుటచే బాలుర జట్టును వీరికే యప్పగించిరి. సంధులును సమాసములును చెప్పు నోటితో ఈల యూదవలసి వచ్చెను.

జూలై నెలలో పందెములు నడపువారి యొద్దనుండి కాగితమొకటి వచ్చెను. ఆటగాండ్రందఱ మేజోళ్ళును ఒక్క రంగువి కావలెననియు, అవి షిన్‌గార్డులను పూర్తిగా కప్పవలెననియు నందుండెను. షిన్‌గార్డులనగా మోకాలి క్రింది యెముకకు దెబ్బ తగులకుండ కట్టుకొను గట్టి బిళ్ళలు. నీలిరంగు చొక్కాలను పూర్వవిద్యార్థి యొకరు దానమిచ్చియుండిరి. మేజోళ్ళ సంగతి యెవ్వరికిని తోచలేదు. ఇండ్లలో నున్నవి తెచ్చుకొనుడని మా వారు చెప్పగా, పండ్రెండ్రు బాలురును పండ్రెండు విధములవి తొడుగుకొని వచ్చిరి. కొన్ని బడికి వేసికొను తెల్లవి, కొన్ని తండ్రుల యాఫీసు బూట్లలోని బూడిదరంగువి. ఒకనివి అక్కగారివి కాబోలు, వానిపై గులాబీపూవులు గూడ నుండెను.

ఒక్క రంగే యుండవలెనను పట్టుదల వట్టి డాబని మేమంటిమి. మా వారు వాదింపలేదు. మఱునాటి సాయంకాలము మమ్ము మైదానమునకు తీసికొనిపోయి యొక ప్రక్కన నిలువబెట్టిరి. అందు చూచినది చెప్పెదము. బంతి చుట్టును నలుగురైదుగురు మూగినప్పుడు తలలు వంగిపోవును. ఆటగాని చూపు బంతిపైననే యుండును గాన వాని కంటికి ఎదుటివాని ముఖము గాని చొక్కా గాని కనబడదు, కాళ్ళే కనబడును. ఆ క్షణమున తన వాని కాలేదో పరుని కాలేదో తెలుపునది మేజోడొక్కటే. రిఫరీకి గూడ నంతియే. బంతిని తన్నినదెవరో, కాలిని తన్నినదెవరో అతడు కాళ్ళను చూచియే తీర్పు చెప్పవలెను. బూడిదరంగుల గందరగోళములో మన బాలుడొకడు మన బాలునికే అడ్డుపడి బంతిని పోగొట్టుట మేము రెండుమార్లు కన్నులార చూచితిమి.

ఇంటికి వచ్చుచుండగా విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. ఉత్తరగోగ్రహణవేళ భయపడిన యుత్తరునకు అర్జునుడు కౌరవవీరులను చూపునది వారి ధ్వజములను గుర్తులుగా జెప్పియే గదా. సమ్మోహనాస్త్రముచే వారు మూర్ఛిల్లినపుడు, ఉత్తర బొమ్మలకై కోరిన వస్త్రములను తెమ్మని రాకుమారుని పంపునప్పుడును రంగులే చెప్పెను. ద్రోణకృపులవి తెల్లనివి, కర్ణునిది పసుపుపచ్చనిది, అశ్వత్థామ దుర్యోధనులవి నీలపువి యని వ్యాసులవారి మాట. ఎవరి రంగు వారికుండుట డాబు కాదని యంతవఱకు మాకేల తోచలేదో!

ఆ రాత్రి మా వారిచే నియమములను గూడ చదివించుకొంటిమి. ఈ యాటకు గల పదునేడు నియమములలో నాలుగవది దుస్తులను గూర్చినది. చొక్కా, లాగు, మేజోళ్ళు, షిన్‌గార్డులు, బూట్లు – ఈ యైదును లేనివాడు మైదానమున కడుగు పెట్టరాదు. మేజోడు జాఱకుండ పైన పట్టీ యంటించినచో ఆ పట్టీయు నచ్చోటి మేజోటి రంగుదే కావలెనట! ఇంత పట్టింపు మా పుట్టింటి మడి కట్టుబాట్లలో గూడ నెఱుగము. షిన్‌గార్డును 1874లో నాటింగ్‌హాం ఫారెస్టు జట్టు ఆటగాడైన సామ్యూల్ విడోసన్ కల్పించెనట. అప్పుడది మేజోటిపైననే కట్టెడివారు. నేడది లోపల దాగవలెను. కావున మేజోడు నేడు వట్టి తొడుగు గాదు, కవచమును పట్టియుంచు నొఱ.

ఇక రంగేదియన్న ప్రశ్న వచ్చినది. బాలురందఱు నొక్క గొంతుతో పసుపనిరి. కారణము మాకు తెలిసినదే. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఐ.ఎస్.ఎల్. తుదిపందెమున హైదరాబాదు జట్టు కేరళజట్టును పెనాల్టీలలో ఓడించి కప్పు గెలిచెను. రెండు జట్లకును పసుపే సొంత రంగు. లీగులో పైమెట్టున నిలిచినది హైదరాబాదు గాన పసుపు వారికే దక్కెను. కేరళవారు నల్లచొక్కాలతో దిగవలసి వచ్చెను. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయినను మా బాలుర మనస్సులలోని పసుపు మాత్రము తరలలేదు.

మా వారు తెలుపు శుచియనిరి. ఉతుకువారు తాము గారు గదా! మా మైదానమున నున్నది ఎఱ్ఱమొరము; వానపడినచో తెల్లబట్ట గతి యేమగునో ఇల్లాండ్రకు వేఱుగ చెప్పనక్కరలేదు. కావున మేము మట్టి కనబడని చెంగావిరంగు మేలంటిమి. దానికి మా వారు నవ్వి, "మట్టిలో కలిసిపోవు రంగు మట్టిపై నెట్లు కనబడును?" అనిరి. మాకు బదులు దొరకలేదు. వారు మఱియొక ముచ్చటయు చెప్పిరి. 1964లో లివర్‌పూలు జట్టు శిక్షకుడు బిల్ షాంక్లీ తన యాటగాండ్రు భీకరముగా కనబడుటకై తెల్లలాగులు తీసివేసి ఎఱ్ఱలాగులు తొడిగించెనట. అప్పుడు ఇయాన్ సెయింట్ జాన్ అను నాటగాడు, అట్లయిన మేజోళ్ళు మాత్రము తెల్లవేల, అవియు నెఱ్ఱవి కానిండనెనట. నాటినుండి ఆ జట్టు ఆపాదమస్తకము ఎఱుపే. ఇన్ని విన్న పిమ్మట పసుపే స్థిరపడెను. చాకిరి మాది, గెలుపు బాలురది.

పసుపనగానే మాకొక దుర్బుద్ధి పుట్టినది. ఖర్చేల, తెల్ల మేజోళ్ళనే సేకరించి యింట పసుపు కాచి ముంచినచో చాలదాయనుకొంటిమి. పెద్ద డేకిసాలో నీరు మరిగించి, కొమ్ములు దంచి పోసి, పండ్రెండు జతలను నానవైచితిమి. బంగారమువలె వచ్చినవి. ఇరుగుపొరుగుల పిలిచి చూపితిమి గూడ. తొలి యభ్యాసమైన పిమ్మట మట్టి వదల్చుటకు సబ్బు పట్టించితిమో లేదో, బకెట్టంతయు నెత్తురువలె నాయెను! పసుపునకు సున్నము తగిలినచో పారాణి యగుననియు, సబ్బులోని క్షారము నంతపనియే చేయుననియు చిన్ననాటినుండి యెఱిగినవారమే. పదిమార్లు జాడింపగా కొంత మరల పచ్చబడినను, ఎండలో ఆఱునప్పటికి పాండురోగి మొగమువలె వెలవెలబోయెను. మా వారు పరుషముగ నొక్కమాటయు ననకుండుటయే మాకు పెద్ద శిక్ష.

అప్పుడు జనరల్ బజారునకు పోయితిమి. నాలుగంగళ్ళు తిరుగగా నొకచోట మంచి పసుపువి దొరకినవి. అవియును పెద్దవారి కొలతవి. జత 120 రూపాయలు. ముందే బాలురతో డబ్బు తెచ్చినవారికే జత యని చెప్పియుంటిమి. పసుపు కాచి నష్టపడినవారము గదా, లెక్క గట్టిగా నుండవలెనను మూర్ఖత్వము. పదునొకండ్రు తెచ్చిరి. పదునొకండు జతలు కొని, పుస్తకములో పేర్లయెదుట చెల్లు వ్రాసితిమి. పండ్రెండవ పేరునకెదురుగా సున్న చుట్టితిమి.

ఆ పేరు గలవాడు ఎడమవైపు కాపుగా నాడు బాలుడు. జట్టులో వానివంటి కాపరి లేడని మా వారు మునుపే చెప్పియుండిరి గాని మేము చెవిని బెట్టలేదు. తొలిపందెమునాడు వాడు గీతకావల చెప్పులు లేని కాళ్ళతో కూర్చుండెను. మన జట్టు రెండు గోలులతో నోడెను. రెండును ఎడమవైపునుండియే వచ్చినవట. సాయంకాలము వాడే మా గుమ్మమునకు వచ్చి, "అమ్మా, సారున్నరా?" యని యడిగెను. మా వారు రాగా, "సార్, నేను ఉత్తకాళ్ళతోనే ఆడుత. సాక్సులేం వద్దు" అనెను.

మా వారు వానిని అరుగుపై కూర్చుండబెట్టి చెప్పిన ముచ్చట తలుపు వెనుకనుండి మేమును వింటిమి. 1911లో మోహన్ బగాన్ జట్టు ఆంగ్ల సైనికజట్టు నోడించి షీల్డు గెలిచినప్పుడు వారిలో బూట్లు తొడిగినవాడొక్కడే. 1948లో లండను ఒలింపిక్సున ఫ్రాన్సుతో పోరిన మనవారిలో ఎనమండ్రు వట్టికాళ్ళవారే. నాడు 2–1 గా నోడిరి. 1952లో హెల్సింకిలో చలినేలపై యుగోస్లావియా 10–1 గా నోడించిన పిదపనే మన దేశమున బూట్లు విధిగా నేర్పడెను. అటుపై నాలుగేండ్లకు 1956లో మెల్బోర్నున మనవారు నాలుగవ స్థానమందుకొనిరి. వారిని తీర్చినవారు సయ్యదు అబ్దుల్ రహీముగారు; ఈ జంటనగరములలో బడిపంతులుగా పనిచేసినవారే. వారి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ నైదుమార్లు రోవర్సు కప్పు గెలిచెను. మెల్బోర్నునకును, 1960లో రోమునకును పోయిన తులసీదాసు బలరాముడు మన యమ్ముగూడవాడు. ఇవన్నియు చెప్పి, "ఉత్తకాళ్ళ రోజులు పోయినవిరా" అనిరి. వాడు తలయూపి లేచిపోయెను. తలుపు వెనుకనున్న మా సంగతి యడుగవలదు.

మఱునాడు బజారునకు పరుగెత్తితిమి. ఆ పసుపు నిండుకొనెను. ఉన్నది నిమ్మపండు చాయది. కాగితమున "ఒక్క రంగు" అని యున్నది గదా.

ఆ రాత్రి మా వారు సెల్‌ఫోనులో ఇంగ్లండు పందెము చూచుచు మమ్ము పిలిచిరి. బెల్లింగ్‌హామ్, సాకా యను గొప్ప యాటగాండ్ర మేజోళ్ళకు పిక్కలవద్ద పెద్దపెద్ద చిల్లులు! బిగువు పిక్కను నొక్కకుండుటకై క్రొత్తవానిని వారే కత్తిరింతురట. కోట్లు గడించువారు చిల్లులు చేసికొనగా, చిల్లులు పూడ్చుటలో మా జన్మ గడచుచున్నది! గ్రీలిష్ అనువాడు మేజోళ్ళను పిక్క సగము వఱకే తొడుగును. మఱికొందఱు పాదపు భాగమును కోసివైచి, లోపల పట్టున్న పొట్టి మేజోడు వేసికొని, పైభాగమును గొట్టమువలె తొడిగి పట్టీ చుట్టుదురు. ఈ మాట వినగానే మాకు మెలకువ వచ్చినట్లాయెను.

మా పదునొకండు జతలు పెద్దవారి కొలతవి గదా! పొట్టి బాలురు నలుగురు వానిని మోకాలివద్ద రెండు మడతలు వేసికొనుచుండిరి. ఆ నాలుగు జతలను దెప్పించి, ఒక్కొక్కదాని పైయంచున నాలుగంగుళముల కొలదిని తెగ్గోసితిమి. ఎనిమిది కట్లు వచ్చినవి. నాలుగేసి కలిపి కుట్టగా రెండు గొట్టములాయెను. కోసినవాని బిగువు పోకుండ లోన ఎలాస్టికు పట్టీ వైచి మడిచి కుట్టితిమి. తెల్లవాఱు రెండు గంటలైనది. అతుకులు గాజులవలె చుట్టును కనబడుచుండుటచే వాడు సిగ్గుపడునేమోయని భయపడితిమి. పూర్వము ఇంగ్లండులో అడ్డుచారల మేజోళ్ళు తొడుగుట విరివిగా నుండెడిదని మా వారు వానికి చెప్పి పంపిరి. పాదమునకు వాని బడి మేజోళ్ళే. అవి బూటులో దాగినవి. రిఫరీ చూచెను, ఏమియు ననలేదు. ఆ పందెము 1–1 గా ముగిసెను. ఎడమవైపునుండి గోలు రాలేదు.

ఆదివారము దండెముపై పండ్రెండు జతలు నాఱవైచియుండగా వాని తల్లి వచ్చినది. మా వీథి చివర రవికెలు కుట్టును. ఇంతవఱకు మాకు పరిచయము లేదు. కొంగున ముడివైచిన 120 రూపాయలు తీసి అరుగుపై నుంచి, "పోరడు నాకు చెప్పనే లేదమ్మా. నిన్న ఉతుకుదామని అడిగితే అప్పుడు చెప్పిండు" అనెను. వలదనబోయితిమి గాని ఆమె మొగము చూచి యూరకుండి, పుస్తకము తెచ్చి, సున్న కొట్టివైచి చెల్లు వ్రాసితిమి. ఆమె దండెమువద్దకు పోయి కొడుకు జతను తీసి, లోపలిది పైకి త్రిప్పి, అతుకును వ్రేళ్ళతో రెండువైపులకు సాగదీసెను. రెండు పోగులు పుటుక్కున తెగినవి.

"సాగే బట్టకు గీత కుట్టు నిలవదమ్మా, వంకర కుట్టు వెయ్యాలె" అని, ఆ జతను సంకనిడుకొని, తక్కిన పదునొకండు జతలపైనను కన్నువైచి, "అవి గూడ కోసినవేనా?" యని యడిగెను. నాలుగు మాత్రమే యని చూపితిమి. ఆ నాలుగును తీసికొని మిషనువద్దకు వెడలిపోయెను.