చిప్స్ కడిగిన వేసవి

కోవిడ్ వల్ల 2020 మార్చి 17 అర్ధరాత్రికి నెవాడా గవర్నర్ కాసినోలన్నీ మూసేయించాడు. లాస్ వేగస్‌లో నేనొక కాసినో కేజ్‌లో క్యాషియర్‌ని. డబ్బు తీసుకుని చిప్స్ ఇచ్చే, చిప్స్ తీసుకుని డబ్బిచ్చే కిటికీ అది. ఏప్రిల్‌కల్లా రాష్ట్రంలో నిరుద్యోగం సుమారు 30 శాతానికి చేరింది. మా ఇంట్లో అమ్మ ఉంది. సంక్రాంతి అయ్యాక తణుకు నుంచి వచ్చింది, ఏప్రిల్లో తిరుగు టికెట్టు. మార్చి చివర్లో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. అమ్మకు బీపీ, షుగరు. తెచ్చుకున్న మందులు అయిపోయాయి.

జూన్ 4న కాసినోలు తెరుస్తున్నారనగా ముందే మాలో కొందరికి ఫోన్లు వచ్చాయి. పిలిచినప్పుడు పోకపోతే నిరుద్యోగ భృతి ఆగిపోతుంది. వెళ్లాను. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టలేదు. వెనకాల కిటికీల్లేని గదిలో చిప్స్ కడగమన్నారు, రాత్రి షిఫ్టు.

వాటిని కడిగే అల్ట్రాసోనిక్ క్లీనర్ చూడటానికి మూతున్న స్టీలు తొట్టి, అంతే. దాని అడుగున బిగించిన పరికరాలు సెకనుకు 40 వేలసార్లు కంపిస్తాయి. నీళ్లలో కంటికి ఆనని బుడగలు పుట్టి వెంటనే పగులుతుంటాయి. ఆ పగులు దెబ్బకే చిప్ అంచుల్లో, అచ్చు గాడుల్లో పేరుకున్న జిడ్డు ఊడొస్తుంది. కొత్త నీళ్లు పోయగానే పని మొదలుపెట్టకూడదు. నీళ్లలో కలిసున్న గాలి పోయేదాకా చిప్స్ వేయకుండా తొట్టిని నడపాలి, లేకపోతే బుడగల దెబ్బలో జోరుండదు. చిప్స్ దొంతరగా పెట్టినా లాభం లేదు, ఒకదానికొకటి ఆనుకున్న చోట మురికి అలాగే ఉంటుంది. అందుకని ఒక్కొక్కటే బుట్టలో నిలబెట్టాలి. ఒక్కో రాక్‌లో 100 చిప్స్. రాక్‌లు గోడ పొడుగునా పేర్చి ఉండేవి.

వేడి నీళ్లు పోస్తే త్వరగా అవుతుందనిపిస్తుంది. కానీ మా చిప్స్ ఖనిజాల పొడిని బైండర్‌తో కలిపి వేడి అచ్చులో నొక్కి చేసినవి, మళ్లీ వేడి తగిలితే వంగుతాయి. వంగిన చిప్ టేబుల్ మీద గిరగిరా తిరుగుతుంది, పందేనికి పనికిరాదు. అందుకే గోరువెచ్చని నీళ్లు, కాస్త డిటర్జెంటు. తీశాక మంచినీళ్లలో ముంచి, క్రిమినాశిని పూసి, తువ్వాళ్ల మీద పరిచి ఫ్యాన్లు పెట్టేవాళ్లం.

మురికి సంగతి చెప్పాలి. నెవాడా కాసినోల్లో సిగరెట్లు కాలుస్తారు. అందరి చేతుల్లో ఎక్కువగా తిరిగేవి 5 డాలర్ల ఎర్ర చిప్స్. వాటిని దించిన కాసేపటికే నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగేవి. పొగ, చెమట, హ్యాండ్ క్రీము, ఒలికిన మద్యం. నిన్నమొన్నటిదాకా ఇవే చిప్స్ లెక్కపెట్టి, అదే చేత్తో డబ్బాలో అన్నం తిన్నాను కదా అని కడుపులో తిప్పేది.

40 వేల కంపనాలు మనిషి చెవికి అందవు. అందేది తొట్టి గోడలూ బుట్టా చేసే సన్నటి గీ చప్పుడు. మూత వేసినా తగ్గదు. ఇంటికెళ్లి పడుకున్నాక కూడా చెవుల్లో అదే. తొందరలో స్విచ్ కట్టకుండా బుట్ట పట్టుకుంటే గ్లౌజు దాటి వేళ్ల ఎముకల దాకా నొప్పి పుట్టేది. గ్లౌజుల్లో చెమట పట్టి పట్టి, అరచేతుల చర్మం పొరలుగా లేచింది. మాస్కు కింద క్రిమినాశిని ఘాటు.

ఒక రాత్రి 100 డాలర్ల నల్ల చిప్ ఒకటి తక్కువొచ్చింది. కాసినోకు చిప్ అంటే బాకీ కాగితం, ఎవరు తెచ్చినా డబ్బివ్వాలి. 2010 డిసెంబరులో బెలాజియో కాసినోలో ఒకడు హెల్మెట్‌తో వచ్చి 15 లక్షల డాలర్ల చిప్స్ దోచుకుని మోటార్ సైకిల్ మీద పోయాడు. ఆ దెబ్బకు వాళ్లు 25 వేల డాలర్ల చిప్‌నే రద్దు చేసుకున్నారు. కాబట్టి గదిలోకి లెక్క, గదిలోంచి లెక్క, నెత్తిన కెమెరాలు. ఎవరూ కదలకూడదన్నారు. సెక్యూరిటీ వచ్చింది. జేబుల్లేని ఏప్రన్లు విప్పించారు, కెమెరాకు అరచేతులు తిప్పి చూపించాం. నాతో పనిచేసే ఫిలిపీన్స్ ఆవిడ గోడకానుకుని వణికిపోతోంది. మూత్రానికి వెళ్తామన్నా పంపలేదు. చివరికి తొట్టి నీళ్లన్నీ తోడేస్తే అడుగున, బుట్ట కాలి కింద దొరికింది. కంపనానికి జారిపోయి ఉంటుంది. సారీ అని ఎవరూ అనలేదు. తొట్టి మళ్లీ నింపమన్నారు.

ఇంటికొస్తే గరాజ్‌లో బట్టలు విడిచి, స్నానం చేసి, హాల్లో చాప మీద పడుకునేదాన్ని. అమ్మ పడకగది తలుపు సందులోంచి మాట్లాడేది.

"ఏంటే అమ్మా ఆ చేతులు?"

"సబ్బు పడలేదే."

"ఏం సబ్బే అది, సున్నమా?" అని కొబ్బరినూనె సీసా గడప దగ్గర పెట్టి తలుపేసుకునేది.

కాసినో తెరిచిన రాత్రి కిటికీ దగ్గర మనుషులు తక్కువై నన్ను కాసేపు ముందుకు పంపారు. హాలు నిండిపోయింది. సిబ్బంది అందరికీ మాస్కులున్నాయి. ఆటగాళ్లలో చాలామందికి లేవు, వాళ్లకు తప్పనిసరి కాదు మరి. నేను చేతులు ఊడేలా కడిగిన చిప్స్‌ని పక్కన పెట్టుకుని, మూతి మీద గుడ్డ లేకుండా నవ్వుకుంటూ అరుస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. జూన్ 17న, అద్దాల అడ్డులేని టేబుళ్ల దగ్గర ఆటగాళ్లూ మాస్కు పెట్టుకోవాలని గేమింగ్ కంట్రోల్ బోర్డు చెప్పింది. 26 నుంచి గవర్నర్ ఆదేశం అందరికీ వర్తించింది. ఆలోపు మా షిఫ్టులో ఇద్దరు జబ్బుపడ్డారు. ఎక్కడ అంటిందో ఎవరు తేలుస్తారు? 2021 ఏప్రిల్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది: వస్తువుల ఉపరితలాన్ని తాకడం వల్ల సోకే అవకాశం మామూలుగా 10 వేలల్లో 1 కంటే తక్కువట. కడగొద్దని నేననను. ఆ చిప్స్‌ని ఎప్పుడో కడగాల్సింది. అయితే కడిగించింది జబ్బు ఆగాలని కాదు, కడుగుతున్నామని బోర్డు పెట్టుకోవడానికని నా గట్టి నమ్మకం.

అమ్మ 2020 ఆగస్టులో, చిక్కుకుపోయినవాళ్లకోసం ఇండియా నడిపిన వందే భారత్ విమానంలో వెళ్లిపోయింది, జబ్బు అంటకుండానే. తొట్టిని ఇప్పుడు ఎప్పుడో ఒకసారి నడుపుతారు. నైట్రైల్ గ్లౌజు తగిలితే నా చర్మం ఇంకా పొంగుతుంది కాబట్టి డాక్టరు చీటీ ఇచ్చి ఆ పని తప్పించుకున్నాను. కిటికీ దగ్గర వట్టి చేతులతోనే లెక్కపెడతాను.