మాల్ట్ లెక్కలు

మాల్ట్ అంటే మన ఇళ్లలో పిల్లలకు కాచే రాగి జావే కదా. అమెరికాలో ఉన్న మా తమ్ముడికి మాత్రం అది బీరు సరుకు. వాడిది బార్లీ, మనది రాగులు. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టే పని ఒకటే.

అక్కడ సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి కేంద్ర చట్టం 1978లోనే ఒప్పుకుంది. ఆ మాట అమ్మ చెవికెక్కదు. గుడుంబాతో కూలిన సంసారాలు చూసిన మనిషి. సంగతి తెలిసినప్పటి నుంచి వాడితో ముక్తసరిగానే మాట్లాడుతోంది.

మొన్న నేను ముప్కాల్‌లో అమ్మ దగ్గరుండగా వాడు ఫోన్ చేశాడు. "అక్కా, బస్తాల మీది కాగితం ఫోటో పంపిన. నువ్వు సదువు, నేను బీర్‌స్మిత్‌ల ఎక్కిస్త." వాడే చూసి ఎక్కించుకోవచ్చు. మాట కలపడానికి సాకు అనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ముందే ఉంటాయట, కానీ బస్తా బస్తాకూ తేడా. తేమ ఎక్కువుంటే అదే కిలోకు చక్కెర తక్కువ దిగుతుంది.

లేత మాల్ట్ చదివాను: రంగు 2 లోవిబాండ్, తేమ 4 శాతం, పిండిని చక్కెరగా మార్చే శక్తి 140 లింట్నర్. నల్ల మాల్ట్: రంగు 500, శక్తి సున్న.

"సున్న ఎట్లైతదిరా?"

మక్క కంకులు ఒలుస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది: "మాడ ఏంచితే గుణం సస్తది. రాగి మొలకలు జర ఎక్కువ ఏంచి సూడు, జావ పల్చగ కాదు, ముద్దైతది."

"అదేనమ్మా! వేడికి ఎంజైములు సచ్చిపోతయి" అన్నాడు వాడు.

అమ్మ చేతులు దులుపుకొని ఫోన్ అందుకుంది. "ఆడ ఎన్ని దినాలు మొలకేస్తరు?"