మ్యాగజైన్ మార్చడం

మ్యాగజైన్ మార్చడం అంటే చందా కట్టిన వారపత్రిక మానేసి ఇంకోటి తెప్పించుకోవడం అనుకుంటారు మనవాళ్ళెవరైనా. నేను చెప్పే మ్యాగజైన్ పిస్తోలు పిడిలోకి దూర్చే పెట్టె. అందులో తూటాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి, అడుగునున్న స్ప్రింగు వాటిని పైకి తోస్తుంటుంది. నా గ్లాక్ 17లో 17 పడతాయి.

హెచ్-1 వీసా మీద ఉన్నన్నాళ్ళూ నేను తుపాకీ జోలికి పోలేదు. పోకూడదు కూడా. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, ఆ వీసా వాళ్ళ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చాక ఆఫీసు స్నేహితుడొకడు ఓ ఆదివారం యు.ఎస్.పి.ఎస్.ఎ. పోటీకి లాక్కెళ్ళాడు. 1984లో పుట్టిన సంస్థ అది. అట్ట బొమ్మల మీద వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. అంటే గురి ఒక్కటే చాలదు, మ్యాగజైన్ మార్చేటప్పుడు తడుముకున్న ప్రతి క్షణమూ హారంలో చేరిపోతుంది. లెక్కల మాస్టారి బెత్తం గుర్తొచ్చింది నాకు.

ఈ మార్పిడి చూడ్డానికి చిటికెలో పని. కుడి బొటనవేలు బొత్తాం నొక్కేసరికి పాతది జారి కింద పడుతుంది. అప్పటికే ఎడం చెయ్యి నడుం దగ్గరున్న కొత్తదాన్ని పట్టుకుని ఉండాలి. చూపుడువేలు మ్యాగజైన్ ముందువైపు నిలువునా ఆని, కొస పైతూటా మొనకి తగలాలి. చీకట్లో స్విచ్చిని వెతికే వేలు లాగా ఆ వేలే దారి చూపిస్తుంది. పిస్తోలుని కిందకి దించెయ్యకూడదు, మొహం ఎదురుగానే ఉంచి కాస్త వంచి, పిడి అడుగునున్న కంత చూడాలి. కళ్ళు ఎక్కడుంటే చెయ్యి అక్కడికొస్తుంది. చివర్లో అరచేత్తో గట్టిగా ఒక్క తోపు. అది సరిగ్గా పడకపోతే, రెండో గుండు పేలాల్సిన చోట టిక్కుమని చప్పుడొస్తుంది, అంతే.

వేగంగా చెయ్యాలనుకుంటే రాదు. మొదట్లో టైమరు పక్కన పడేసి, పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు అందించినంత మెల్లగా చేసేవాణ్ణి. చెయ్యి ఎక్కడ తట్టుకుంటోందో మెల్లగా చేస్తేనే తెలుస్తుంది. తరవాత రెండు సెకన్లకి టైమరు పెట్టుకున్నాను. రోజుకి పది నిమిషాలు, అంతకు మించితే వేళ్ళు అలిసి తప్పులు నేర్చుకుంటాయి.

ఇదంతా పడగ్గదిలో. అసలు తూటాలు వేరే గదిలో తాళంలో ఉంటాయి. ఛాంబరు కంటితో చూసి, వేలితో తడిమి, మళ్ళీ చూసి, అప్పుడే డమ్మీలు ఎక్కించిన మ్యాగజైన్లు తీస్తాను. కింద పడ్డవి పగలకుండా బొంత పరుస్తాను.

మా ఆవిడకి ఇదేదీ నచ్చదు. "ఎవరిమీదకండీ యుద్ధం?" అంటుంది. గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర కాల్పులకి బలైన మన కుర్రాళ్ళ వార్తలు ఆవిడా చదువుతుంది, నేనూ చదువుతాను. వాళ్ళకి ఈ విద్య వచ్చుంటే బతికేవాళ్ళని నేనెప్పుడూ అనలేదు. క్యాష్ డబ్బా ఇచ్చెయ్యడమే అక్కడ చెయ్యాల్సిన పని. నాది ఆట. ఆట కోసం ఇంట్లో తుపాకీ ఎందుకన్న ప్రశ్నకి మాత్రం ఆవిడ ఒప్పుకునే జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

కిందటేడు నాన్న వచ్చారు. కాకినాడలో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులుగా చేసి రిటైరయ్యారు. విజిటర్ వీసా కాబట్టి ఆయన చేతికి పిస్తోలు ఇవ్వడానికి లేదు. జీవితమంతా తుపాకీ మోసినాయన కుర్చీ వేసుకుని కూచుని చూశారు. మూడు మ్యాగజైన్లు నేనలా జారవిడుస్తుంటే ఉండబట్టలేకపోయారు.

"సర్కారు సామాను అలా నేలకేసి కొడితే మెమో ఇచ్చేవాళ్ళురా."

ఆయనది త్రీనాట్ త్రీ. పది తూటాలు పడతాయి, ఐదేసి ఉన్న క్లిప్పులతో పైనుంచి బొటనవేలితో నొక్కాలి. ప్రాక్టీసయ్యాక మిగిలిన ఇత్తడి గొట్టాలు ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గితే చీకటి పడేదాకా గడ్డిలో వెతుకులాటే.

"ఎప్పుడైనా కంగారులో ఎక్కించారా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఎనభైల్లో ఏదో ఊళ్ళో రెండు వర్గాల గొడవట. లోడ్ చెయ్యమన్నారు. క్లిప్పు గాడిలో కూచోలేదట.

"చెయ్యి వణికింది. అవతల వరసలో మా మేనత్త కొడుకు ఉన్నాడు. వాడు నన్ను చూశాడు. ఎలాగో ఐదూ నొక్కాను. ఇంతలో జనం చెదిరిపోయారు, కాల్చమనే ఆర్డరు రాలేదు. మళ్ళీ ఐదూ బయటికి తీసి లెక్కపెట్టుకున్నా."

"అమ్మకి చెప్పారా?"

"ఎందుకూ?"

ఆ సాయంత్రం నుంచి మ్యాగజైన్లు ఏరే పని ఆయనే పెట్టుకున్నారు. వాటికైతే చట్టం అడ్డు రాదు. నా పది నిమిషాలూ అయి, పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేశాక, నడుం పట్టుకుని వంగి, బొంత మీదివీ నేను తీసి ఇచ్చినదీ వరసగా పేర్చి, డమ్మీలన్నీ ఒలిచి లెక్కపెట్టేవారు. "నాలుగు మ్యాగజైన్లు, ఇరవై రౌండ్లు. సరి." ఆ మాట వినబడ్డాకే మా ఆవిడ తలుపు తీసి, భోజనాలకి రమ్మనేది.