బొరుగుల డబ్బా

నిన్న సాయంత్రం ఇద్దరు మిత్రులు చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ గోదావరి జిల్లాల వారు. మాటల్లో పడి పొద్దుపోయింది. ఆకలి సమయం. వంటింట్లోకి వెళ్ళి పది నిమిషాల్లో ఉగ్గాని చేసి తెచ్చాను. పళ్ళాలు ఖాళీ అయిన తరువాత, ఎలా చేయాలో రాసి పంపమని ఒకరు అడిగారు. నాలుగు వాక్యాల్లో అయిపోయే సంగతే. రాద్దామని కూర్చుంటే మాత్రం ఆ నాలుగు వాక్యాలు నాలుగు దగ్గర ఆగలేదు.

కోస్తావారు మరమరాలనే వాటిని మా సీమలో బొరుగులంటాము. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, తిరగవాతలో కలిపితే ఉగ్గాని. "మరమరాల ఉప్మా అన్నమాట" అంటారు కొందరు. ఆ పోలిక నాకు నచ్చదు. ఉప్మా రవ్వ మన పొయ్యి మీద ఉడకాలి. బొరుగు మన గడప తొక్కకముందే ఉడికి, ఎండి, వేగి వస్తుంది. బట్టీవాళ్ళు ఉడికించి ఎండబెట్టిన వడ్లను మర పట్టించి, ఆ బియ్యానికి ఉప్పునీరు పట్టించి, కాగిన ఇసుకలో వేసి తిప్పుతారు. గింజలోని తేమ ఒక్కసారిగా ఆవిరవుతుంది. గింజ క్షణాల మీద ఉబ్బి తెల్లబడుతుంది. వెంటనే జల్లెడ పట్టి ఇసుకను వేరు చేస్తారు. ఆ వేడి ముందు ఎవరో నిలబడి పనంతా చేసిపెట్టారు కనుకనే మనకు పది నిమిషాలు సరిపోతాయి.

అనంతపురం నుంచి బళ్ళారి పోయే దారిలో ఉన్న ఊరు మాది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచే విడివడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. సరిహద్దు గీత పళ్ళాల మీద పడలేదు. మేము ఉగ్గాని అనేదాన్ని అటువైపు వాళ్ళు మండక్కి ఒగ్గరణె అంటారు. మండక్కి అంటే బొరుగులు, ఒగ్గరణె అంటే తిరగవాత. ఒగ్గరణె, ఉగ్గాని. రెండు మాటల చుట్టరికం చెవికే తెలిసిపోతుంది. హోటళ్ళలో పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని పెట్టరు. ఇళ్ళలో, అందులోనూ తొందరలో, బజ్జీ ఊసెత్తరు.

మా ఇంట్లో ఎప్పుడూ తొందరే. నాన్న బడిపంతులు. ఊళ్ళో అందరికీ అయివారు. అర్జీ రాయించుకోవడానికి వచ్చినవారు, పిల్లవాడి చదువు గురించి అడగవచ్చినవారు, ఏ పనీ లేక వచ్చినవారు, ఎవరైనా సరే పలహారం తినకుండా గడప దాటకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదలను నిలబెట్టవలసిన బాధ్యత అమ్మది. నెలాఖరులో ఇంట్లో రవ్వ ఉండేది కాదు, పాలు ఉండేవి కావు. బొరుగులు మాత్రం ఉండేవి. చవక. సంచి నిండా తెచ్చినా చేతికి బరువు తెలియదు. ఆదివారం సంతలో నాన్న స్వయంగా సేర్లతో కొలిపించి తెచ్చి, పాత నూనె డబ్బాలో పోసి, మూత బిగించేవాడు. బిగించే ముందు పిడికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. కరకరమన్న చప్పుడు వినిపిస్తేనే బొరుగులు మంచివని అర్థం. మెత్తబడినవైతే చప్పుడుండదు. ఆ పరీక్షలో రెండో పిడికెడు నాది.

నాన్న 2017 వేసవిలో పోయారు.

మా వైపు శవయాత్రలో దారి పొడుగునా బొరుగులు చల్లుతారు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసినదే. ఆ ఉదయం బొరుగులు తీసుకురమ్మని పెద్దలెవరో నన్నే పంపారు. నేనే పోవలసినదని కాదు, ఆ గందరగోళంలో ఎదురుగా కనబడినవాణ్ణి నేను. అంగడి మామ నా ముఖం చూశాడు. సేరు చేతిలోకి తీసుకోలేదు. గోనెసంచిలో నుంచి చేటతో తోడి, నా సంచి అంచుదాకా నింపి ఇచ్చాడు. జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నట్లు తల అడ్డంగా ఊపాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నప్పుడు నాకు కనబడినవి ఆ బొరుగులే. నల్లటి తారురోడ్డు మీద తెల్లగా. నా కాళ్ళ కింద అవి నలిగిన చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు అదే దారిలో కోళ్ళు వాటిని ఏరుకుంటున్నాయి.

కర్మకాండ ముగిసిన మరునాడు అమ్మ బొరుగుల డబ్బాలో మిగిలిన వాటిని ఎవరికో ఇచ్చేసింది. డబ్బా కడిగి, ఎండబెట్టి, అటక మీద బోర్లించింది. ఎందుకని నేను అడగలేదు. ఆ తరువాత ఏడాదికి పైగా మా ఇంట్లోకి బొరుగులు రాలేదు. నేను సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు దోసెలు పోసేది, ఉప్మా చేసేది. ఉగ్గాని మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2018 చివరలో ఒక మధ్యాహ్నం, నేను ఊళ్ళో ఉండగానే, నాన్న దగ్గర చదువుకున్న ఒకాయన బళ్ళారి నుంచి బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. అయివారు పోయిన సంగతి ఆలస్యంగా తెలిసిందట. వాకిట్లోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "లోపలికి రా నాయనా, కూర్చో" అంది అమ్మ. అతను కూర్చున్నాడు. అలవాటుగా ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. డబ్బా ఒకప్పుడు ఉండే మూల దగ్గర నిలబడి ఉంది.

"ఇంట్లో ఏమీ లేవు కదరా" అంది. కాసేపాగి, "పోయి రెండు సేర్లు బొరుగులు పట్రా" అంది.

అదే అంగడి. అదే గోనెసంచి. నన్ను చూసి మామ ఒక్క క్షణం ఆగాడు.

"ఏమప్పా, దేనికి?" అన్నాడు మెల్లగా.

"ఉగ్గానికి, మామా" అన్నాను.

అతను సేరు తీశాడు. దానిమీద కుప్పగా నిలిచిన బొరుగులను అరచేత్తో సమంగా తుడిచి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ పోశాడు. ధర చెప్పాడు. డబ్బు తీసుకున్నాడు. చిల్లర తిరిగి ఇచ్చాడు. చిల్లర జేబులో వేసుకుని అంగడి మెట్లు దిగుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఆ రోజు అమ్మ తిరగవాత చూసుకుంటూ బొరుగుల పని నాకు అప్పగించింది. నేను వాటిని గిన్నెలో వేసి నీళ్ళు పోసి, చెనక్కాయ విత్తనాలు వేగడం చూస్తూ నిలబడ్డాను. "ఒరే, తియ్! బొరుగులకు స్నానం చాలు, ఈత వద్దు!" అని అరిచింది. అప్పటికే ఆలస్యమైంది. పిండితే సగం ముద్దయింది. అమ్మ దాన్ని పక్కనబెట్టి, మిగిలిన బొరుగులను వెడల్పు గిన్నెలో వేసి నీళ్ళు పోసి, రెండుసార్లు తిప్పి, పైకి తేలిన వాటిని దోసిలితో ఎత్తింది. గిన్నె అడుగున సన్నటి ఇసుక మిగిలింది. బట్టీ ఇసుక. "అందుకే గిన్నె వంచకూడదు, పైనుంచి ఎత్తుకోవాలి" అంది. రెండు అరచేతుల మధ్య గట్టిగా అదిమి నీరు పిండి, వేళ్ళతో విడదీసింది.

బాణలిలో ఆవాలు, జీలకర్ర, పప్పులు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, ఎర్రగడ్డలు, ఒక టొమాటో, పసుపు. పిండిన బొరుగులు అందులో పడ్డాయి. సన్నని సెగ మీద రెండు నిమిషాలు. దించాక పుట్నాలూ ఎండుకొబ్బరీ కొట్టిన పొడి, నిమ్మరసం, కొత్తిమీర. పది నిమిషాలకు మించలేదు, నేను పాడుచేసిన సమయాన్ని కలుపుకుని కూడా.

వచ్చినాయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. చిన్నప్పుడు ఈ వసారాలోనే కూర్చుని తిన్నానన్నాడు. లెక్కల్లో తప్పినప్పుడల్లా అయివారు ముందు ఉగ్గాని పెట్టించి, తరువాత తిట్టేవారని చెప్పాడు. అమ్మ నవ్వింది. ఏడాదిన్నర తరువాత ఆ నవ్వు.

అతన్ని బస్సెక్కించి తిరిగి వచ్చేసరికి అటక మీది డబ్బా కిందికి దిగి ఉంది. సంచిలో మిగిలిన బొరుగులు అందులో పోసి, మూత బిగించే ముందు అమ్మ పిడికెడు తీసుకుంది. చప్పుడు వినిపించింది. డబ్బాను నా వైపు జరిపింది.

ఇక, అడిగిన మిత్రునికి కొలతలు: ఇద్దరికి వంద గ్రాముల బొరుగులు, రెండు చెంచాల నూనె, పెద్ద ఎర్రగడ్డ ఒకటి, పచ్చిమిరపకాయలు నాలుగు, పప్పుల పొడి మూడు చెంచాలు, అర చెక్క నిమ్మకాయ. తక్కిన క్రమం పైన చెప్పినదే. ఉప్పు మాత్రం రుచి చూసి వేయండి. బొరుగుల్లో అది ముందే ఉంటుంది.