పిల్లలును యుద్ధపుటాటలును

పిల్లలు ఫోనులలో నాడుచున్న యుద్ధపుటాటలను గూర్చి సభలలోను న్యాయస్థానములలోను పెద్దలు చాలకాలముగ వాదించుచున్నారు. వంటయింటి గుమ్మమున నిలిచి ప్రతిదినము ఆ యాటను చూచుచున్నవారము మనము. కావున మన మాటయు నొకటి వినబడుట న్యాయము.

మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. మాకు పండ్రెండేండ్ల కొడుకును ఎనిమిదేండ్ల కూతురును గలరు. గడచిన వేసవి సెలవులలో మావాడు స్నేహితులు చెప్పగా విని నా ఫోనులోనికి ఒక తుపాకుల యాటను దింపుకొనెను. ఒకనాటి మధ్యాహ్నము చెల్లెలు "అన్నయ్యా, అన్నమునకు రా" యని భుజము పట్టుకొని పిలువగా, వాడు తల యెత్తకయే దానిని త్రోసెను. అది గడపమీద పడి మోచేయి గీచుకొన్నది. వాడు స్వభావముచే మెత్తనివాడు. చెల్లెలి కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్న తా నేడ్చువాడు. ఆ సాయంకాలము మా యింట పెద్ద సభయే జరిగినది. "ఇక వీడు ఫోను తాకరాదు" అని మావారు తేల్చివైచిరి. "ఆటయే కదా! నాలుగు దినములాడి వాడే మానును" అని మా యత్తగా రనిరి. నాకు రెండును రుచింపలేదు. వాడేమి యాడుచున్నాడో చూడకయే తీర్పు చెప్పుట యెట్లు?

మరునాడు వాని ప్రక్కను గూర్చుండి యంతయు చెప్పుమంటిని. పెక్కుమంది విమానమునుండి గొడుగులు విప్పుకొని యొక దీవిలో దిగుదురట. ఇండ్లలో జొరబడి తుపాకులును మందులును ఏరుకొందురట. చుట్టునున్న వలయము క్రమముగ ఇరుకగుచుండును. కావున నెవడును దాగి బ్రతుకుటకు వీలు లేదు. కడపట మిగిలినవాడే విజేత. "చచ్చినవా డేమగును?" అని యడిగితిని. "పెట్టె యగునమ్మా. అందులో వాని తుపాకి, మందులు ఉండును. మనము తీసికొనవచ్చును" అనెను. "వానికొరకు ఎవ్వరును ఏడ్వరా?" అంటిని. వాడు నన్ను వింతగ చూచి, "ఎందుకమ్మా? వాడు మరియొక యాటలో మరల దిగును గదా!" అని నవ్వెను.

ఆ పెట్టె నా మనస్సును వదలలేదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము ఘోరహింస గల వీడియో ఆటలను పదునెనిమిదేండ్ల లోపువారికి అమ్మరాదని 2005లో శాసనము చేసినది. 2011లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. న్యాయమూర్తులలో ఏడుగు రొకవైపు, ఇద్దరొకవైపు. ప్రధానమైన తీర్పు వ్రాసిన స్కాలియాగారు, పిల్లల కథలలో మాత్రము హింస లేదా యని గ్రిమ్ము సోదరుల కథలను, హోమరు కావ్యమున ఒంటికంటి రాక్షసుని కన్ను పొడిచిన ఘట్టమును ఉదాహరించిరి. ఈ వాదము మనకు క్రొత్తది కాదు. మనము చెప్పు భారతములో దుశ్శాసనుని రొమ్ము చీల్చుట లేదా? నిద్రించుచున్న యుపపాండవులను అశ్వత్థామ చంపుట లేదా? మా తండ్రిగారు పదియవ యేటనే నాచేత సౌప్తికపర్వము చదివించిరి. నా కేమియు కీడు కలుగలేదు. కాని భారతము సౌప్తికముతో ముగియలేదు. దాని వెనువెంటనే స్త్రీపర్వ మున్నది. అత్తలు, కోడండ్రు జుట్టు విరియబోసికొని రణభూమికి వచ్చిరి. ఉత్తర యభిమన్యుని శవమును తడవి చూచెను. గాంధారి తన కొడుకులకే కాదు, ఎదిరిపక్షమున జచ్చినవారికి గూడ వగచెను. చచ్చిన ప్రతివానికి ఒక తల్లియో భార్యయో గలదని తిక్కన తెలుగువారికి జూపెను. మావాని యాటలో అంత యుద్ధమున్నది గాని స్త్రీపర్వము లేదు. నా యాక్షేపణ మిదియే.

ఈ యాట లాడినవారందరు హంతకులగుదురని కొందరు బెదరించుట మాత్రము తగదు. అమెరికాలోని మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘము 2020లో చేసిన తీర్మానమున, ఘోరనేరములకు ఇవి కారణమనుటకు సాక్ష్యము చాలదనియు, కసరుట, త్రోయుట వంటి దుడుకుతనముతో కొలదిపాటి సంబంధము మాత్రము కనబడుచున్నదనియు జెప్పిరి. త్రోయుట యను మాట చదివినప్పుడు మా పిల్ల మోచేయి జ్ఞప్తికి వచ్చినది.

ప్రభుత్వములు ఊరకున్నవని యనరాదు. చీనాలో 2021 నుండి బాలురు శుక్ర, శని, ఆదివారములందును సెలవు దినములందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకే జాలములోని యాట లాడవలయు నని విధించిరి. దక్షిణ కొరియాలో పదునారేండ్ల లోపువారు నడురేయి ఆడరాదని 2011లో అమలుపరచిన నియమమును 2022 ప్రారంభమున ఎత్తివేసిరి. మన దేశమున 2020 సెప్టెంబరు 2వ తేదీని పబ్జీతో గూడ 118 యాప్‌లను నిషేధించిరి. కారణము దేశరక్షణమే గాని పిల్లల క్షేమము గాదు. 2021లో ఇంచుమించు ఆ యాటయే వేరు పేరుతో వచ్చి, 2022లో అంగడినుండి తొలగి, 2023లో మరల వచ్చినది. నెత్తురునకు ఆకుపచ్చ రంగు వేసిరి. పదునెనిమిదేండ్ల లోపువారికి దినమునకు మూడు గంటలని హద్దు పెట్టిరి. మూడు గంటలు! బడినుండి వచ్చిన పిల్లవానికి దీపములు పెట్టి భోజనము చేయువరకు మిగులు ప్రొద్దే యంత. తల్లిదండ్రుల ఫోను సంఖ్య నీయవలయునట; ఇంటికొక ఫోను గల చోట, ఆడుచున్నవాని చేతిలోని ఫోనే తల్లి ఫోను! 2025లో వచ్చిన చట్టము డబ్బు పెట్టి యాడు ఆటలను నిషేధించినది. అది పందెముల జోలికి పోయినది గాని తుపాకుల జోలికి పోలేదు.

కాబట్టి పని మన మీదనే పడినది. గూగుల్ ప్లే అంగడిలో ప్రతి యాట ప్రక్కను 3, 7, 12, 16, 18 అను నంకెలలో నొకటి యుండును. అది వయస్సు. ఇంగ్లీషు రానివారును అంకె చదువగలరు. ఆ యంగడి యమరికలలో ఏ వయస్సునకు మించిన యాటలు దిగరాదో నిర్ణయించి నాలుగంకెల తాళము వేయవచ్చును. ముందే దిగియున్న యాట దానివలన పోదు. దానిని వేరుగ తీసివేయవలయును. నేను 12 దగ్గర తాళము వేసితిని. ఎందుకు వేసితినో వానికి చెప్పియే వేసితిని. ఆ యంకెలు మావారికి జెప్పలేదు. ఫోనే తాకరాదన్న వారే మూడవనాడు కొడుకు మొగము చూచి కరగిపోయిరి!

రెండు దినములు వాడు నాతో మాటాడలేదు. ఇప్పుడు నడుమ గదిలో, అందరి యెదుట, అరగంట చదరంగమో క్రికెట్టో యాడును. రాత్రులందు ఇద్దరికి భారతము చదివి చెప్పుచున్నాను. స్త్రీపర్వమునకు వచ్చుసరికి చెల్లెలు నిద్రపోయినది గాని వాడు పోలేదు.

చిక్కంతయు పొరుగిండ్లలో నున్నది. ప్రక్కయింటి వదినగారు నా మాట విని తమ ఫోనునకును తాళము వేయించుకొనిరి. ఎదురింటి యమ్మగారు మాత్రము, "మా వానికి పదునేడు, వాని యాట నేనెందుకు మాన్పవలయును?" అనిరి. ఆమె యన్నది న్యాయమే. కాని ఆ పదునేడేండ్ల వాని ప్రక్కను అరుగుమీద గూర్చుండి చూచుచున్నవాడు మా పండ్రెండేండ్లవాడు. ఆడకున్న సరియే గాని చూడవచ్చునా యని వాడు నన్నడిగినాడు. దానికి నేనింకను బదులు చెప్పలేదు. ముందు ఆ యమ్మగారితో ఇంకొకసారి మాటాడవలసి యున్నది.