తుపాకీ లేనిదే ఊరు దాటరు!

ఆ ఊళ్లో దుకాణాల గుమ్మాల మీద ఓ బొమ్మ కనిపిస్తుంది. తుపాకీ, దాని మీద ఎర్రటి అడ్డగీత. మన సినిమాహాళ్ల దగ్గర 'బయటి తినుబండారాలు తేరాదు' అని రాసిపెట్టినట్టే, అక్కడ 'తుపాకులు లోపలికి తేరాదు' అని! కొండల్లోంచి తిరిగొస్తూ దారిలో పాలు, రొట్టెలు కొనుక్కుందామని ఆగేవాళ్ల భుజానికి తుపాకీ వేలాడుతుండటం అంత మామూలు మరి.

ఊరి పేరు లాంగ్యియర్‌బ్యేన్‌. నార్వే పాలనలోని స్వాల్‌బార్డ్‌ దీవుల్లో ఇదే పెద్ద ఊరు. పెద్దదంటే జనాభా రెండున్నర వేలు. ఉత్తర ధ్రువం ఇక్కడికి దాదాపు 1300 కిలోమీటర్లే. ఏప్రిల్‌ మూడోవారం నుంచి ఆగస్టు చివరి వారం దాకా సూర్యుడు అస్తమించడు. అక్టోబరు ఆఖర్లో అస్తమించాడంటే మళ్లీ ఫిబ్రవరి మధ్యలోనే దర్శనం. ఒకప్పుడు బొగ్గు కోసం పుట్టిన ఊరు, ఇప్పుడు పర్యటకుల మీద బతుకుతోంది.

ఊరి చివర రోడ్డు పక్కన ఓ ముక్కోణపు బోర్డు ఉంటుంది. నల్లటి రంగు మీద తెల్లటి ధ్రువపు ఎలుగుబంటి, కింద 'స్వాల్‌బార్డ్‌ అంతటికీ వర్తిస్తుంది' అన్న మాట. వచ్చినవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అసలు సంగతి ఫొటో తర్వాత మొదలవుతుంది. బోర్డు దాటి వెళ్లేవాళ్ల దగ్గర ఎలుగును బెదిరించే సాధనం ఉండితీరాలన్నది చట్టం. అంటే వెలుగులు చిమ్ముతూ పేలే ఫ్లేర్‌గన్‌లాంటిది. దానికి తోడు తుపాకీ కూడా ఉంచుకోమని గవర్నర్‌ కార్యాలయం సలహా. ఎలుగును వేటాడటానికి మాత్రం కాదు. 1973 నుంచి అది రక్షిత జంతువు. ప్రాణాపాయంలో కాల్చినా విచారణ తప్పదు.

వారం రోజుల విహారానికి వచ్చినవాళ్లు తుపాకీ ఎక్కడ కొంటారు! అందుకే అద్దెకిస్తారు. గవర్నర్‌ అనుమతి పత్రం చూపిస్తే చాలు. అలా ఏళ్ల తరబడి అక్కడ చేతులు మారిన వేట తుపాకుల్లో ఎక్కువ పేరున్నది మౌజర్‌ 98. జర్మనీలో 1898లో రూపుదిద్దుకున్న నమూనా అది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేని ఆక్రమించిన జర్మన్‌ సైన్యం 1945లో లొంగిపోతూ ఆ రకం తుపాకుల్ని గుట్టలుగా వదిలేసింది. నార్వే సైన్యం వాటిలో చాలావాటికి గొట్టాలు మార్చి వాడుకుంది. ఆ తర్వాత అవే వేటగాళ్ల చేతికి చవగ్గా చేరాయి.

తాతల కాలం నాటి చవక తుపాకీ. ఎదురుగా నాలుగైదు క్వింటాళ్ల జంతువు. నమ్మొచ్చా?

చలి విషయంలో అయితే నిక్షేపంగా. తుపాకీని సైతం గడ్డకట్టించే చలి అది. లోపల పూసిన నూనె చిక్కబడి జిగురవుతుంది. తూటాను కొట్టే సూది నెమ్మదిస్తుంది, తూటా పేలదు. అందుకే తెలిసినవాళ్లు నూనె మొత్తం తుడిచేస్తారు. గొట్టంలోకి మంచు దూరకుండా మూతికి టేపు అతికిస్తారు. రాత్రిళ్లు వెచ్చటి గదిలోకి తీసుకురారు. లోపలికి తెస్తే చెమ్మ పడుతుంది, తెల్లారి బయటికి తీసుకెళితే ఆ చెమ్మే గడ్డకడుతుంది. ఇంత జాగ్రత్త తీసుకుంటే మౌజర్‌కి ఎదురులేదు. విడిభాగాలు తక్కువ, ఉన్నవి మొరటువి. ఖాళీ తూటాను కొక్కెంతో పట్టి బయటికి లాగేస్తుంది.

ఇలాంటి ముసలి తుపాకీ కథే కెనడాలోనూ ఉంది. మన పోలీసు కానిస్టేబుళ్ల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన త్రీనాట్‌త్రీ గుర్తుందిగా? ఆ లీ ఎన్‌ఫీల్డ్‌నే కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో కాపలా తిరిగే రేంజర్లు 1947 నుంచి ఏడు దశాబ్దాలు వాడారు. అది మొరాయించిందని కాదు, విడిభాగాలు దొరకడం కష్టమైందని 2018 నుంచి కొత్తవి ఇచ్చారు.

మరి స్వాల్‌బార్డ్‌లో మౌజర్‌ మీద అనుమానం ఎందుకొచ్చింది? 2011 ఆగస్టు 5 వల్ల.

వాన్‌పోస్ట్‌ హిమానీనదం దగ్గర బ్రిటన్‌ విద్యార్థుల బృందం గుడారాలు వేసుకుంది. చుట్టూ తీగ కట్టారు. ఎలుగు కాలు తగిలితే పేలుడు చప్పుడు రావాలి. రాలేదు. అందరూ నిద్రలో ఉండగానే ఎలుగు గుడారం మీద పడింది. బృంద నాయకుల్లో ఒకరు మౌజర్‌ అందుకుని ట్రిగర్‌ నొక్కారు. పేలలేదు. బోల్ట్‌ లాగి మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే. నాలుగు తూటాలూ పేలకుండానే నేల మీద పడ్డాయి. ఎలుగు ఆయన్నూ గాయపరిచింది. చివరికి కింద పడ్డ తూటానే ఒకటి ఏరి, తుపాకీలో పెట్టి కాలిస్తే పేలింది. ఎలుగు చచ్చింది. కానీ అప్పటికే పదిహేడేళ్ల కుర్రాడి ప్రాణం పోయింది. మరో నలుగురు గాయపడ్డారు.

అదే తూటా, అదే తుపాకీ. ముందు ఎందుకు పేలలేదు? మౌజర్‌ వెనక చిన్న మీట ఉంటుంది. ఎడమకు తిప్పితే పేలుతుంది. కుడికి తిప్పితే అంతా బిగుసుకుపోతుంది. నిటారుగా మధ్యలో ఉంచితే బోల్ట్‌ కదులుతుంది, తూటా బయటికి వస్తుంది, ట్రిగర్‌ మాత్రం పనిచేయదు. తుపాకీని భద్రంగా ఖాళీ చేయడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ ఉదయం మీట మధ్యలో ఉండి ఉంటుందన్న వివరణ 2014లో బ్రిటన్‌లో జరిగిన విచారణలో వినిపించింది.

అదే నిజమైతే తుపాకీ చెడిపోలేదు. తయారుచేసినవాళ్లు అనుకున్నట్టే నడుచుకుంది. అలాగని దాన్ని నమ్మదగినదనాలా? అక్కడే పుట్టి పెరిగిన వేటగాడి చేతిలో నిస్సందేహంగా అనొచ్చు. కౌంటరు దగ్గర పది నిమిషాలు చూపించి కొత్తవాళ్ల చేతికిస్తే మాత్రం అనలేం. నిద్రమత్తులో, వణికే చేతులతో, ఆ మీట ఎటుందో చూసుకునేదెవరు?

కొత్త చవక తుపాకులకీ ఇదే పరీక్ష. అమెరికాలో 500 డాలర్లలోపే దొరికే రకాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అక్రోటు కర్ర బదులు ప్లాస్టిక్‌ మడమ, మెరుగుల్లేని గొట్టం. గురిలో ఖరీదైనవాటికి పెద్దగా తీసిపోవన్న పేరుంది. అయితే తూటాల డబ్బా కూడా ప్లాస్టిక్‌దైతే, మందపాటి గ్లవుజుల చేత్తో చలిలో దాన్ని ఊడదీసి మళ్లీ బిగించి చూసుకోవాలి. దుకాణంలో చూస్తే తెలిసేది కాదది.

నార్వేలో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లు ఏటా కనీసం 30 తూటాలు సాధనలో కాల్చి, ఆపైన వంద మీటర్ల దూరంలోని జంతువు బొమ్మను ఐదు తూటాలతో గురి తప్పకుండా కొట్టి చూపించాలి. తుపాకీ లక్షలది అయినా, తాతది అయినా మినహాయింపు లేదు.

వేట అన్న మాటకే 1972 చట్టంతో తెరపడిన దేశం మనది. కానీ ఇదే స్వాల్‌బార్డ్‌లో, న్యూ ఓలెసుండ్‌ అనే పరిశోధకుల ఊళ్లో, 2008 నుంచి మన 'హిమాద్రి' కేంద్రం ఉంది. ఎలుగు కనిపిస్తే ఎవరైనా చటుక్కున దూరేందుకు వీలుగా ఆ ఊళ్లో తలుపులకు తాళాలు వేయరు. ఊరు దాటి మంచు నమూనాలు తేవాలంటే తుపాకీ శిక్షణ అయినా పొందాలి, పొందినవాళ్లని వెంట అయినా తీసుకెళ్లాలి. జన్మలో తుపాకీ ముట్టని మన శాస్త్రవేత్తలు అక్కడ సాధన మైదానంలో చెవులకు మఫ్‌లు తగిలించుకుని, బోల్ట్‌ లాగడం, మీట తిప్పడం పదేపదే చేస్తారు. పరికరాల పెట్టె సర్దుకునేది ఆ తర్వాతే.