కొండెక్కే ముందు... గాలి చూశారా?

అరకు వెళ్లడానికి విశాఖ నుంచి రైలుంది, బస్సులున్నాయి. అయినా బండి మీద వెళితేనే మజా అంటారు వెళ్లొచ్చినవాళ్లు. సుమారు 115 కిలోమీటర్ల దూరం. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాటాక ఘాట్‌రోడ్డు మొదలవుతుంది.

డిసెంబరులో ఓ శనివారం తెల్లవారకముందే మా ఆవిడా నేనూ బయల్దేరాం. ఊరి చివర పెట్రోలు బంకులో గాలి చూడమన్నాను. ముందు చక్రానికి ఇబ్బంది లేదు. చిక్కల్లా వెనక చక్రంతోనే. ఒకవైపు బ్రేకు డిస్కు, మరోవైపు చైను పళ్లచక్రం, మధ్యలో నిటారుగా పొట్టి వాల్వు! ఎటు తిప్పినా గొట్టం మూతి దూరదే. బంకు కుర్రాడు టైరును బొటనవేలితో నొక్కి ‘బానే ఉంది సార్’ అనేశాడు. నేనూ సరేననుకున్నాను.

కోటలో టీ తాగుతుంటే ‘మలుపుల్లో వెనక ఊగుతున్నట్టుందండీ’ అంది మా ఆవిడ. పక్కనే పంక్చర్ షాపు. అక్కడి పెద్దాయన బండికి సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. వాల్వు కిందికి, ఖాళీ ఉన్న చోటికి రాగానే ఆపాడు. మూతి పక్కకు వంగిన చిన్న ఇత్తడి ముక్క బిగించి గేజి పెట్టాడు. 19! ఇద్దరెక్కితే మా బండికి 33 ఉండాలి.

‘ఏటి బాబూ, ఈ గాలితో కొండెక్కేద్దామనే? వేడి మీదే 19 అంటే, చల్లారితే ఇంకా తక్కువే’ అన్నాడు. సబ్బునీళ్లు పోసి చూస్తే ఒక్క బుడగ లేదు. అంటే పంక్చరు కాదు. మామూలుగానే టైరులోంచి నెలకు ఒకటి రెండు పాయింట్లు పోతుంటాయి. నేనేమో నెలల తరబడి బొటనవేలి పరీక్షతోనే సరిపెట్టుకున్నాను! ట్యూబ్‌లెస్ టైరు గోడలు గట్టిగా ఉంటాయి, నొక్కితే ఏం తెలుస్తుంది? ఆయన కాస్త ఎక్కువే కొట్టి, ‘రేప్పొద్దున్న బండి తియ్యకముందు మళ్లీ చూసుకో’ అన్నాడు.

ఇక ఘాట్‌రోడ్డు. అనంతగిరి కాఫీ తోటలు, చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, గాలికొండ దగ్గర కిందికి చూస్తే మంచు కమ్మిన లోయ... ఓ మలుపులో బస్సు ఎదురొచ్చింది. బండి చెప్పినట్టు పక్కకు ఒదిగింది. మెత్తటి టైరయితే అంత త్వరగా వంగదు, పైగా త్వరగా వేడెక్కుతుంది. వెనక కూర్చున్న మనిషి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

మీ బండికీ వాల్వు అందదా? మూతి వంగిన ముక్క ఒకటి, చిన్న గేజి ఒకటి కొనుక్కోండి. ఖరీదేం ఎక్కువ కాదు. ముక్కను వాల్వుకే వదిలేయకండి. చక్రం తిరిగే ఊపుకి వాల్వు వంగి గాలి పోవచ్చు. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడండి. ప్రయాణం మధ్యలో రెండు మూడు పాయింట్లు పెరిగి కనిపిస్తే వేడివల్లే, గాలి తీసేయకండి. మూత బిగించడం మరవకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఊరికి బయల్దేరే ముందు ‘గాలి చూశారా?’ అన్న ప్రశ్నే లేదు. మా ఆవిడే గేజి తెచ్చి చేతిలో పెడుతుంది!